బిగించని చక్రం

"నువ్వు నోరు మూసుకుని రెండు రోజులు ఇంట్లో కూర్చో. మాట్లాడాల్సింది నేను మాట్లాడతాను," అన్నాడు పెద్దమేస్త్రి, తమ్ముడి ఇంట్లో తమ్ముడి కుర్చీలో కూర్చుని, తమ్ముడి భార్య పెట్టిచ్చిన టీ తాగుతూ.

నోరు మూసుకోమన్నది తమ్ముణ్ణే. అయినా వంటింటి గుమ్మంలో నిలబడ్డ చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె వింటున్న మాటే అది! భర్త నోరు తెరిస్తే వాళ్ళన్నయ్య మూయిస్తాడు. తను తెరిస్తే అత్తగారు మూయిస్తుంది. అలా ఇద్దరూ నోళ్ళు మూసుకుని పడి ఉంటే, చూసేవాళ్ళు ఎంత ఒద్దికైన కుటుంబమో అని మెచ్చుకుంటారు.

జరిగింది చిన్న విషయం కాదు. ముందురోజు పొద్దున ఆసుపత్రి మలుపులో ఒక నర్సు కారుకి ఎడమవైపు ముందు చక్రం నడుస్తూ ఉండగానే ఊడి, రోడ్డు మీద దొర్లుకుంటూ పోయింది. కారు వెళ్ళి గోడకి కొట్టుకుంది. ఎవరి ప్రాణమూ పోలేదు కానీ నర్సు కుడి మణికట్టు విరిగింది. ఆ కారుకి అంతకు మూడు రోజుల ముందు బ్రేకులు బాగుచేసింది చిన్నమేస్త్రి, అంటే ఆమె భర్త!

అతను సొంతంగా వ్యాను పెట్టుకుని రెండున్నర నెలలే అయింది. అంతకుముందు పన్నెండేళ్ళు అన్నగారి షెడ్డులోనే పనిచేశాడు. ఆ షెడ్డు తండ్రి కట్టింది. తండ్రి పోయాక బల్ల ముందు కుర్చీ అన్నది, కార్ల కింద గచ్చు తమ్ముడిది అయ్యాయి. బాగుపడ్డ కారు తాళం చేతికిచ్చి నవ్వేది అన్న, గోళ్ళలో గ్రీజుతో ఇంటికొచ్చి మాట్లాడకుండా పడుకునేది తమ్ముడు. చూసీ చూసీ చిన్నకోడలే పోరు పెట్టింది. కార్లు మన దగ్గరికి రావాలని ఎక్కడుంది, మనమే కార్ల దగ్గరికి వెళదాం అంది. ఆసుపత్రి వాళ్ళు పొద్దున డ్యూటీకి వెళ్ళి సాయంత్రం దాకా బయటికి రాలేరు, కారు షెడ్డుకి తీసుకెళ్ళే తీరిక వాళ్ళకి ఉండదు. వాళ్ళు లోపల పనిలో ఉండగా బయట ఆవరణలోనే కారు బాగుచేసి పెడితే దండం పెడతారని ఆమె లెక్క. ఆ లెక్క తప్పలేదు. రెండు నెలల్లో వ్యానుకి వచ్చే పనిలో ముప్పాతిక వంతు ఆ ఆవరణలోనే దొరికింది. చిన్నమేస్త్రి ఇంటికొచ్చి కబుర్లు చెప్పడం కూడా మొదలుపెట్టాడు.

మొదటిరోజే ఆమె తనూ వ్యానులో వస్తానంది. పానాలన్నీ పేరుపేరునా నేర్చుకుంది, జాకీ ఎత్తడం నేర్చుకుంది, బ్యాటరీ మార్చడం వచ్చు. ఒక్కడివే రోడ్డు మీద అన్నీ చూసుకోలేవు, ఇంకో మనిషి ఉండాలి అని నెత్తీ నోరూ కొట్టుకుంది. పెద్దమేస్త్రి పడీ పడీ నవ్వాడు. అత్తగారు మొహం పక్కకి తిప్పుకుని, ఇంట్లో బడికెళ్ళే పిల్లని పెట్టుకుని ఊరేగడం ఏమిటంది. భర్త తలకాయ దించుకుని, అన్నయ్య చెప్పిందీ నిజమేలే అన్నాడు. ఆ మాట ఆమె ఇంకా మర్చిపోలేదు.

ఇప్పుడు పెద్దమేస్త్రి వేసిన ఎత్తు ఇదీ. నర్సు బ్రేకులు బాగుచేయించుకున్న మర్నాడు పెట్రోలు బంకులో టైర్లకి గాలి పట్టించుకుంది. అక్కడ గాలి పట్టే ముసలాయన నట్లు వదులు చేసి ఉంటాడు అనాలి. నిన్ననే తను నర్సు ఇంటికి వెళ్ళి, ఎంతో మర్యాదగా ఆ సంగతి చెప్పి వచ్చాడట. బంకు యజమానికీ ఓ మాట వేశాడట. ఇంక చిన్నమేస్త్రి చెయ్యాల్సిందల్లా వ్యాను అమ్మేసి, సోమవారం నుంచి బుద్ధిగా షెడ్డుకి రావడమే.

"నట్లు మీరు బిగించారా లేదా?" అని ఆమె గుమ్మంలోంచే భర్తని అడిగింది.

"బిగించే ఉంటానులే," అన్నాడు అతను నేల చూపులు చూస్తూ.

"అమ్మాయ్, మగవాళ్ళ మాటల్లోకి రాకు," అన్నాడు బావగారు. అత్తగారు కూడా, ఊరుకోవే, పెద్దవాడు చూసుకుంటున్నాడుగా అంది. చిన్నకోడలు ఖాళీ గ్లాసు తీసుకెళ్ళి సింకులో పడేసిన చప్పుడు మాత్రం వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. పావుగంటలో చెప్పులేసుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది.

నర్సు ఇల్లు ఆసుపత్రి వెనక సందులో ఉంది. ఇనప గేటు లోపల మూడు చక్రాల మీదా, ఒక చెక్క దిమ్మ మీదా ఆ కారు నిలబడి ఉంది. ముందు రేకు నలిగిపోయింది. నర్సుకి నలభై దాటి ఉంటాయి. చెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. ఫలానా మేస్త్రి భార్యనని చెప్పగానే ఆవిడ మొహం ఎర్రబడింది. కూర్చోమనలేదు.

"ఏం, నిన్న బావగారు, ఇవాళ నువ్వా? రేపు ఎవరు?" అంది. "మీ ఇంట్లో వాళ్ళంతా వరసగా వచ్చి చెప్పినా నా చెయ్యి అతుక్కోదు."

పొద్దున గాలి పట్టే ముసలాయన కూడా వచ్చాడట. సరిగ్గా నువ్వు నిలబడ్డ చోటే నిలబడి ఏడ్చాడంది. యజమాని రేపట్నుంచి పనిలోకి రావద్దన్నాడట. ముప్ఫై ఏళ్ళుగా గాలి పడుతున్నాను, ఏనాడూ నట్టు మీద చెయ్యి వెయ్యలేదు తల్లీ అన్నాడట. ఎవరి మాట నమ్మాలో తనకి తెలియడం లేదని నర్సు కోపంగా అంది. చిన్నకోడలికి సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. బావగారు ఓ మాట వేశాడంటే ఇదన్నమాట!

అసలు ఆరోజు ఏం జరిగిందో చెప్పమని ఆమె బతిమాలింది. నర్సు విసుక్కుంటూనే చెప్పింది. ఆరోజు తను డ్యూటీ మధ్యలో ఆవరణలోకి వచ్చి కారు దగ్గరే ఉంది. కుడివైపు చక్రం అయిపోయింది. ఎడమవైపుది పెడుతుండగా మేస్త్రికి ఫోన్ వచ్చింది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య పెట్టుకునే పని కానిచ్చాడు. జాకీ దించాడు. లేచి చేతులు తుడుచుకున్నాడు.

"అప్పుడు వెనక్కి తిరక్కుండానే 'ఊఁ' అన్నాడు. ఎవరికో చెప్పినట్టు. నాతోనేమో అనుకుని, ఏంటండీ అన్నాను. నా మొహం చూసి, ఏం లేదమ్మా, అయిపోయింది అన్నాడు. ఆయన వెనక ఎవరూ లేరు. ఫోన్ అప్పటికే పెట్టేశాడు. ఎవరికి చెప్పాడా అని తర్వాత కూడా అనుకున్నాను."

చిన్నకోడలు కారు మీద చెయ్యి ఆనించి నిలబడింది.

ఆ 'ఊఁ' ఆమెకి తెలుసు! భర్తకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా షెడ్డులో వింది. మామగారి కాలం నుంచీ అక్కడ చక్రం పనికి ఇద్దరు మనుషులు. మొదటివాడు చక్రం పెట్టి, నట్లు చేత్తో తిప్పి, చిన్న పానాతో ఓ మాదిరిగా బిగించి, జాకీ దించి, 'ఊఁ' అని వెళ్ళిపోతాడు. ఆ కూత వినగానే రెండోవాడు పెద్ద పానాతో వచ్చి, ఒక్కో నట్టూ గట్టిగా బిగించి, దాని మీద సుద్దముక్కతో గీత పెడతాడు. ఒకడు చేసింది ఇంకొకడు చూడాలని ఆ ఏర్పాటు. పన్నెండేళ్ళూ చిన్నమేస్త్రి మొదటి మనిషే. రోడ్డు మీదికొచ్చాక రెండు పనులూ తనే గుర్తుపెట్టుకుని చేస్తున్నాడు. ఆరోజు ఫోన్ ధ్యాసలో పడి, చేతులు షెడ్డులో ఉన్నామనుకున్నాయి. 'ఊఁ' అన్నాడు. వచ్చే రెండో మనిషి లేడు...

"బిగించలేదండీ," అంది ఆమె. షెడ్డు అలవాటు అంతా ఆవిడకి విడమరిచి చెప్పింది. "ముసలాయన తప్పేం లేదు. తప్పు మాదే."

నర్సుకి కోపం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది.

"నువ్వు చెప్తే నాకేం లాభం? చక్రం పెట్టింది నువ్వా? రేపు పొద్దున తొమ్మిదింటికి మీ ఆయన్ని రమ్మను. ఆ ముసలాయన్ని కూడా పిలుస్తాను. ఆయన ముందు నిలబడి చెప్పమను. నా కారు ఇక్కడే, నా కళ్ళముందే బాగుచెయ్యమను. రాకపోతే మాత్రం ఆసుపత్రి ఆవరణలో మీ వ్యాను ఇంక కనపడదు. నేను కాయితం రాసిస్తే చాలు."

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. పిల్ల ఇంకా బడి నుంచి రాలేదు. అత్తగారు లోపలిగదిలో నడుం వాల్చింది. భర్త మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పులు విప్పకుండానే అడిగింది.

"ఎవరికి చెప్పారండీ 'ఊఁ' అని?"

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "నర్సు ఇంటికి వెళ్ళావా?" అన్నాడు.

"వెళ్ళాను. నిజం చెప్పి వచ్చాను."

అతను దిగ్గున లేచాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను అంత గట్టిగా అరవడం ఆమె ఎరగదు. ఎవర్నడిగి వెళ్ళావన్నాడు. పరువు తీశావన్నాడు. నా పాటికి నేను షెడ్డులో పడి ఉంటే, పోరి పోరి రోడ్డు మీదికి లాగింది నువ్వు కాదా అన్నాడు. దారంతా ఆమె తనని తను అడుగుతూ వచ్చింది కూడా అదే మరి! అయినా వెనక్కి తగ్గలేదు.

"అవును, నేనే లాగాను. లాగినదాన్ని మీ కూడా వస్తానని చెప్పలేదూ? ఇంకో మనిషి కావాలని మొదటిరోజే మొత్తుకోలేదూ? ఆడది జాకీ పట్టుకుంటే మీ ఇంటి పరువు పోతుందన్నారు. ఇప్పుడు ఆవిడ చెయ్యి పోయింది, ముసలాయన పని పోయింది. మీ పరువు మాత్రం నిక్షేపంగా ఉంది. మీకు నిన్ననే తెలుసు కదూ?"

అతను మళ్ళీ మెట్టు మీద కూలబడ్డాడు.

"చక్రం ఊడిందని ఫోన్లో వినగానే తెలిసింది," అన్నాడు. "నా చేతులకి తెలిసిపోయింది. పెద్ద పానా ఆరోజు ఎడమవైపుకి తీసుకెళ్ళనే లేదు. అన్నయ్య వచ్చి అలా చెప్తుంటే... అదే నిజమైతే బావుండును అనిపించింది."

ఆమెకి అతన్ని పట్టుకుని ఏడవాలనీ అనిపించింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. రేపట్నుంచి షెడ్డుకే వెళ్ళాలనుంటే వెళ్ళండి, వ్యాను అమ్ముకుందాం, నేనేమీ అనను. కానీ ఒకాయన పొట్ట కొట్టి మాత్రం వెళ్ళద్దు. ఆ అబద్ధంతో వెళితే, మీ అన్నయ్య ముందు ఇంకెప్పటికీ మీరు తలెత్తలేరు. నిజం చెప్తే మనల్ని ఎవరు పిలుస్తారు అని అతను అడిగాడు. ఎవరూ పిలవకపోవచ్చు అని ఆమె ఒప్పుకుంది. లోపలిగదిలో మంచం కిర్రుమంది. అత్తగారు నిద్రపోలేదని అప్పుడు తెలిసింది.

మర్నాడు తొమ్మిదింటికి వ్యాను నర్సు ఇంటి ముందు ఆగింది. భార్యాభర్తలిద్దరూ దిగారు. గాలి పట్టే ముసలాయన గేటు పక్కన తువ్వాలు నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు. చిన్నమేస్త్రి నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఎడమవైపు చక్రం నేనే బిగించలేదు, మీ యజమాని దగ్గరికి కూడా వచ్చి చెప్తాను అన్నాడు. తర్వాత నర్సు వైపు తిరిగి అదే మాట చెప్పాడు. క్షమించమని అడగబోతే ఆవిడ ముందు పని చూడమంది. ముసలాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, గోడ నీడన చతికిలబడ్డాడు.

విరిగిన బోల్టులు తీసి కొత్తవి వేసి, వంగిన బ్రేకు డిస్కు మార్చేసరికి పన్నెండు దాటింది. ఆమె పక్కనే కూర్చుని, అడిగిన పానా అడిగినట్టు అందించింది. చక్రం పెట్టే వేళకి సందులో పెద్దమేస్త్రి కారు ఆగింది. అందులోంచి అతనూ, వెనకాలే వాళ్ళమ్మా దిగారు. ఎవరు చేరవేశారో అనుకోనక్కర్లేదు, లోపలిగదిలోంచి వినగలిగింది ఒక్క మనిషే.

పెద్దమేస్త్రి గేటు తోసుకుని వచ్చాడు. ఇన్నేళ్ళ షెడ్డు పేరు రోడ్డున పెట్టావు, నిన్ను నమ్మి ఇంక సైకిలు కూడా ఎవడూ ఇవ్వడు, లే అన్నాడు. చిన్నమేస్త్రి తల ఎత్తలేదు. నట్లు తిప్పి, ఓ మాదిరిగా బిగించి, జాకీ దించి లేచాడు. అప్పుడు అన్న మొహంలోకి సూటిగా చూశాడు.

"సోమవారం నేను షెడ్డుకి రావడం లేదన్నయ్యా. పని ఉన్నా లేకపోయినా వ్యాను మీదే ఉంటాను. ఈమె కూడా వస్తుంది."

అని పెద్ద పానా భార్య చేతిలో పెట్టి పక్కకి తప్పుకున్నాడు. ఆమె వంగి మొదటి నట్టుకి పానా తగిలించి బలంగా నొక్కింది. అది సగం తిరిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. చెమట కళ్ళల్లోకి కారింది. పెద్దమేస్త్రి ముక్కుతో నవ్వాడు.

"చేతులతో కాదే. కాళ్ళు ఎడంగా పెట్టి ఒంటి బరువంతా దాని మీద వెయ్యి," అంది అత్తగారు.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ అవేమీ పట్టించుకోకుండా కోడలి పక్కకి వచ్చి, పానా పట్టుకున్న చేతుల్ని అంగుళం వెనక్కి జరిపింది. ఇప్పుడు నొక్కు అంది. నట్టు కరకరలాడుతూ గట్టిగా బిగిసింది. నీకెందుకమ్మా ఇదంతా అన్నాడు పెద్దమేస్త్రి. ఆవిడ గిరుక్కున తిరిగింది.

"నాకెందుకా? షెడ్డు పెట్టిన కొత్తలో మీ నాన్నకి రెండో మనిషి ఎవడున్నాడురా? నిన్ను చంకలో వేసుకుని నేనే బిగించాను. నాలుగేళ్ళు. ఇద్దరు పనివాళ్ళు రాగానే, ఇంక లోపలికి పోవే, చూసేవాళ్ళకి బాగుండదు అన్నాడు. పోయాను. నోరు మూసుకుని పోయాను. ఈ పిల్ల వస్తానంటే నేనూ అదే మాట అన్నాను చూడు, అందుకు నన్ను చెప్పుచ్చుకు కొట్టాలి."

చిన్నకోడలు మిగిలిన నట్లన్నీ బిగించింది. ఇన్నేళ్ళుగా ఆవిడ మీద పెంచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. నాలుగేళ్ళు పనిచేసిన మనిషి, ఒక్కనాడు చెప్పలేదేం అని కొత్త కోపం కూడా వచ్చింది.

నర్సు వచ్చి చక్రం చుట్టూ తిరిగి చూసింది. ఎడమచేత్తో కదిపి చూసింది. చూడ్డానికి బాగానే ఉంది, మొన్నా చూడ్డానికి బాగానే ఉంది అంది.

"నేనిప్పుడు ఇందులో ఎక్కను. మీరే ఎక్కండి. మీ మనుషుల్నే కూర్చోబెట్టుకుని, ఆ మలుపు తిరిగి రండి. అప్పుడు ఆసుపత్రిలో జరిగింది జరిగినట్టు చెప్తాను. వదిలేసింది మీరేనని చెప్తాను, ఒప్పుకున్నదీ మీరేనని చెప్తాను. పిలవడం పిలవకపోవడం వాళ్ళిష్టం. నేనైతే కాయితం రాయను."

చిన్నమేస్త్రి తాళం తీసుకుని కూర్చున్నాడు. ఎడమవైపు, సరిగ్గా ఆ చక్రం పైన, ముందు సీట్లో ఆమె కూర్చుంది. అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. అత్తగారు చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని లోపలికి జరిగి కూర్చుంది.

"అమ్మా, దిగు. నీకేమైనా పిచ్చా?" అన్నాడు పెద్దమేస్త్రి.

"ఎక్కితే నువ్వూ ఎక్కు. లేకపోతే వెళ్ళి గేటు తియ్యి."

పెద్దమేస్త్రి తల్లిని చూశాడు, తమ్ముణ్ణి చూశాడు. గోడ నీడన కూర్చున్న ముసలాయన కూడా తననే చూస్తున్నాడు. ఎక్కలేదు. వెళ్ళి గేటు రెండు రెక్కలూ తెరిచి పట్టుకున్నాడు.

కారు సందు దాటి రోడ్డెక్కింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి చిన్నమేస్త్రి చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. గోడకి కారు రాసుకున్న మచ్చ ఇంకా అలాగే ఉంది. వెనకనుంచి ఒక ముడతలుపడ్డ చెయ్యి వచ్చి చిన్నకోడలి భుజం గట్టిగా పట్టుకుంది.

"భయం లేదు, తిప్పరా," అంది అత్తగారు. "బిగించింది నా కోడలు."

మూడు రోజులుగా కోపంతో ఆపుకున్న ఏడుపు ఆమెకి అప్పుడు వచ్చింది. కళ్ళు తుడుచుకోలేదు. కారు మలుపు తిరిగింది.